సెనేటరమ్మ ఉమ్మిన ముద్ద

నిన్ను మారింగ్ ఇంటికి ఇచ్చేస్తారట, పేతురయ్యా. వచ్చే ఏడాది నుంచి. విన్నావా? విని మాత్రం ఏం చేస్తావులే, కొయ్యబొమ్మవి. మెడ ఇటు తిప్పమంటేనే తిప్పవు.

మా తాత నాటి నుంచి నీ అంగీ, నీ తాళంచెవులు, నీ విగ్గు అన్నీ మా ఇంట్లోనే. ఏటా గుడ్ ఫ్రైడేకి నీకు కొబ్బరినూనె రాసి, తుడిచి, బట్టలు కట్టి ఊరేగింపుకి పంపేది మా ఇంటి ఆడవాళ్ళే. ఇప్పుడేమో చర్చి కమిటీ వాళ్ళకి నా చేతులు పనికిరాకుండా పోయాయి.

మారింగ్ చేతిలో పడితే నీ గతేమిటో తెలుసా? వాళ్ళింట్లో ఉన్న వెరోనికమ్మ బొమ్మకి పోయినేడు పెదాలకి రంగు పూసింది. ఆ తల్లి ఏసుప్రభువు ముఖం తుడవడానికి వచ్చినట్టు లేదు, పెళ్ళికి వచ్చినట్టుంది. నేనేమైనా అన్నానా? అనలేదు. ఓ ఇరవై మందితో అన్నానంతే.

ఉండు, జుట్టు సర్దుతున్నాను. ఐదింటికి ఊరేగింపు. రథానికి దీపాలు కట్టేశారు.

నీది విగ్గని ఊరందరికీ తెలుసు. ఇన్నేళ్ళలో ఎవరైనా దాని మీద చర్చ పెట్టారా? అదే మాజీ గవర్నర్ మోంతిఫార్ గారి జుట్టు సొంతదా కాదా అని టీవీలో వారం రోజులు కొట్టుకున్నారు. ఆయన దేశాధ్యక్షుడవుతానంటున్నాడు మరి. లాగి చూద్దామనే వాళ్ళు కొందరు, లాగనివ్వం అనే వాళ్ళు కొందరు. దంతవైద్యులూ మంగళ్ళూ తప్ప టీవీలో ఇంకెవరూ కనబడటం లేదు. ఫిలిప్పీన్స్ మొత్తం రెండు పార్టీలైంది. జుట్టు పార్టీ, ముద్ద పార్టీ.

ముద్ద పార్టీ పుట్టింది నా పూటకూళ్ళ కొట్లోనే. ఆ సంగతే చెప్దామని.

నిన్నా ఇవాళా ప్రచారం చేయకూడదని రూలు, పవిత్ర దినాలు కదా. అందుకే ఊరు ఇంత నిశ్శబ్దంగా ఉంది. మొన్నటిదాకా ఆ మైకు బళ్ళ పాటలకి మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. మా ఊరి పెద్ద, కెప్టెన్ అంటాం, రెమీ మాత్రం రెండు పార్టీల చొక్కాలూ తీసుకున్నాడు. ఒకటి లోపల, ఒకటి పైన. గాలి ఎటు వీస్తే అటు విప్పుతాడు.

సరే, మొదటి నుంచి చెప్తాను. నీకు తొందరేం లేదుగా.

మన ఏటి మీద వంతెన కడతామని ఏడేళ్ళ కిందట నాలుగు స్తంభాలు లేపారు. అప్పుడు గవర్నర్ ఈ మోంతిఫారే. స్తంభాల పైన ఇక ఏమీ పెట్టలేదు. కొంగలు కూర్చుంటున్నాయి. ఈ ప్రాంతంలో ఆ కొంగలకి జరిగినంత అభివృద్ధి ఇంకెవరికీ జరగలేదు. ఆస్పత్రేమో అవతలి గట్టున.

పోయిన జులైలో ఏరు పొంగినప్పుడు అర్లీన్‌ని నొప్పులతో పడవెక్కించారు. నర్సమ్మ విల్మా పక్కనే ఉంది. బిడ్డ అవతలి గట్టుకి చేరింది. తల్లి చేరలేదు. దాని మీద నేను ఎవరి దగ్గరా ఒక్క మాట మాట్లాడలేదు. నా అంతటిది మాట్లాడలేదంటే చూసుకో.

ఇప్పుడు మా మిలెత్‌కి ఏడో నెల. మా అక్క కూతురే గానీ పెంచింది నేనే. జూన్‌లో కంటుంది. జూన్‌లో ఏరు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా, జాలరివి.

విల్మా ఏడేళ్ళుగా వంతెన గురించి పైవాళ్ళకి కాగితాలు రాస్తూనే ఉంది. ఎవరు చదివారో దేవుడికే తెలియాలి. చివరికి సెనేటర్ కొరాలెస్ చదివింది. అధ్యక్ష పదవికి ఆవిడా పోటీలో ఉంది కదా, ఓట్ల కోసమే చదివిందనుకో, చదివింది కదా. నాలుగు వారాల కిందట మా ఊరికే వచ్చేసింది. నా కొట్లో, ఆ కిటికీ పక్క బల్ల దగ్గర గంటసేపు కూర్చుని విల్మా చెప్పిందంతా రాసుకుంది. బురదలో ఏటి దాకా నడిచింది. స్తంభాల చుట్టూ తిరిగి చూసింది. సోమవారం మనీలాలో పత్రికల వాళ్ళని పిలిచి, విల్మాని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ వంతెన ఎవరు మింగారో అడుగుతానంది.

ఆ తరవాత భోజనానికి కూర్చుంది. అక్కడొచ్చింది చిక్కు.

నా చేతి కందిపప్పు పనసకాయ కూర సంగతి నీకు తెలియదు, నువ్వు తినవు. తినేవాళ్ళని అడుగు. మామూలుగా అందులో పంది మాంసం పడాలి. కానీ ఈస్టర్ ముందు ఈ నలభై రోజుల్లో శుక్రవారం మాంసం ముట్టకూడదు కాబట్టి, ఎండుచేప వేసి సాదాగా వండుతాను. సెనేటరమ్మ వచ్చింది శుక్రవారం. నేను వేసింది పంది.

అవును, నేనే. శుక్రవారం పూట కెప్టెన్ రెమీ వేయించిన పంది చర్మం నములుతుంటే నలుగురిలో కడిగేసిన దాన్ని. మారింగ్ మనవరాలి నోరు వాసన చూసిన దాన్ని.

ముప్పై మంది తిన్నారు. మెత్తగా ఉడికిన పంది, మెత్తగా ఉడికిన పనస, ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది? ఒక్కరికీ తెలియలేదు. సెనేటరమ్మకి తెలిసింది. ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. కాగితం రుమాలు పెదవులకి అడ్డం పెట్టుకుని మెల్లగా తీసేసింది. నా చెయ్యి పట్టి దగ్గరకి లాక్కుని చెవిలో అంది:

"ఇవాళ శుక్రవారం కదక్కా. కంగారుపడకు, నేనెవరికీ చెప్పను."

అని అరటిపండు తిని, బాగుందని లేచి వెళ్ళిపోయింది.

అంతే జరిగింది. కానీ రెమీ ఫోన్‌లో ఏడు సెకన్లు పడ్డాయి. ఆవిడ ఉమ్మడం, నా చెవిలో ఏదో అనడం, నా మొహం బూడిదలా అయిపోవడం. సాయంత్రానికి దేశమంతా చూసింది. పెదాలు చదివే నిపుణుడట, టీవీలో కూర్చుని, "పందులు కూడా తినవు" అని అందన్నాడు. పంది వరకూ వచ్చాడు పాపం.

మర్నాడు పొద్దున్నే సిటీ నుంచి ఫోన్ వీడియోల వాడొకడు దిగాడు. కళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని తిరుగుతాడు, కళ్ళకి పెట్టుకోగా ఎవరూ చూడలేదు. ఎక్కువేమీ వద్దక్కా, ఉమ్మిందా లేదా, అదొక్కటే చెప్పమన్నాడు. ఉమ్మిందన్నాను. అబద్ధమా? కాదుగా. ఎందుకుమ్మిందని అడిగాడు.

అప్పుడు చెప్పాల్సింది. చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. ముందు వరసలో మారింగ్.

"మా పేదవాళ్ళ కూడు ఆవిడకి ఎక్కలేదేమో బాబూ" అన్నాను. పైగా కళ్ళు తుడుచుకున్నాను. ఉల్లిపాయలు తరుగుతున్నానులే, కళ్ళు ఎలాగూ తడిగానే ఉన్నాయి.

అలా చూడకు. చలిమంట దగ్గర నిలబడి, ప్రభువెవరో ఎరగనని మూడుసార్లు అన్నవాడివి నువ్వు. నేను ఒక్కసారే అన్నాను. ఆ ఒక్కసారిని వాళ్ళు నాలుగొందల సార్లు చూపించారు, అది నా తప్పా?

సోమవారం మనీలాలో సెనేటరమ్మ, పక్కన మా విల్మా కాగితాల కట్టతో కూర్చున్నారు. మొదటి ప్రశ్న, ఎందుకుమ్మారు? రెండోది, సారీ చెప్తారా? ఆవిడ ఏమందో తెలుసా? కూర అద్భుతం, పంటినొప్పి వల్ల నమలలేకపోయానంది. నన్ను కాపాడింది, పేతురయ్యా. మర్నాటి నుంచి ఆ పన్ను మీద పడ్డారు. ఏ పన్ను? ఎప్పటి నుంచి? పన్ను నొప్పి భరించలేనావిడ దేశాన్నేం భరిస్తుంది? విడిపోయిన మొగుణ్ణి వెతికి పట్టుకొచ్చి ఆవిడ నిద్రలో పళ్ళు కొరుకుతుందా అని అడిగారు. విల్మా కాగితాల కట్ట విప్పకుండానే తిరిగొచ్చింది.

తరవాతి వారం మోంతిఫార్ గారు నా కొట్టుకొచ్చి అదే కూర మూడు పళ్ళేలు తిన్నాడు. చేత్తోనే. వేళ్ళు నాకి చూపించాడు కెమెరాకి. అది మంగళవారం కాబట్టి పందికి అడ్డు లేదు. ఏటి వైపు వీపు పెట్టి కూర్చోబెట్టారు ఆయన్ని. కాసేపటికి లోపలికొచ్చి మా మరుగుదొడ్డి ఎక్కడని అడిగాడు. ఆ వీడియో ఎవరూ తీయలేదు.

నా కొట్టు సంగతి చెప్పనా? ఇలోయ్‌లో పట్నం నుంచి వ్యాన్లలో వచ్చారు జనం. ఆ కుర్చీలో కూర్చుని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఫొటోలు. నేనూ పక్కన నిలబడి మొహం బూడిద చేసుకునేదాన్ని. మొదట్లో కష్టంగా ఉండేది, తరవాత అలవాటైంది. బాగానే వచ్చేదన్నారు.

పోయిన సోమవారం మిలెత్ గిన్నెలు తోముతూ తోముతూ ఆపి చెప్పింది, విల్మా ఆ రోజు సంగతంతా తనకి చెప్పిందని. విల్మా కూడా అదే బల్ల దగ్గర తింది కదా. నర్సమ్మకి పనసకీ పందికీ తేడా తెలియదా? తెలిసే మింగిందట. ఉమ్మితే నా పరువు పోతుంది, గొడవైతే వంతెన పోతుందని మింగిందట. రెండ్రోజుల్లో సద్దుమణుగుతుంది కదాని నోరు మూసుకుని కూర్చుందట. నా మీద చెప్పడానికి ఇప్పటికీ ఆవిడకి మనసొప్పడం లేదట.

నేను మారింగ్ ఏమంటుందోనని ఏదో గొణిగాను. మిలెత్ చేతులు కడుక్కుంది.

"పిన్నీ, నాకు మారింగ్ ఏమంటుందో అక్కర్లేదు. నేను జూన్‌లో పడవెక్కాలా, వంతెనెక్కాలా? అది చెప్పు."

మంగళవారం అదే వీడియోల వాణ్ణి పిలిపించి చెప్పేశాను. పంది వేసింది నేనే, శుక్రవారమని మర్చిపోయాను, ఆవిడ తప్పేం లేదు, వంతెన సంగతి రాయి నాయనా అన్నాను. వాడు కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు, మొదటిసారి. పంది అని మళ్ళీ ఒకసారి అనమన్నాడు.

ఇక చూడు. సాయంత్రానికి ముద్ద పార్టీ పోయి పంది పార్టీ వచ్చింది. మోంతిఫార్ మనుషులు, కొరాలెస్ డబ్బిచ్చి నాతో మాట మార్పించిందన్నారు. కొరాలెస్ మనుషులు, ఆవిడతో పాపం చేయించడానికి మోంతిఫారే పంది పెట్టించాడన్నారు. ఆ పంది ఎవరింటిదో కనుక్కున్నారు. దాని అన్నదమ్ములని టీవీలో చూపించారు. నోట్లో పెట్టుకుని మింగకుండా తీసేస్తే పాపం తగులుతుందా తగలదా అని ఇద్దరు ఫాదర్లు గంటన్నర వాదించుకున్నారు. విల్మా ఓ టీవీ వాడికి ఫోన్ చేసి స్తంభాల సంగతి ఎత్తితే, పందిని ఆ స్తంభాలకే కట్టేవారా అని అడిగాడట.

బుధవారం చర్చి కమిటీ కూర్చుంది. ఊళ్ళో ముప్పై మంది చేత శుక్రవారం మాంసం తినిపించినామె పేతురుగారి సేవకి తగదంది. ఇవాళే నాకు నీ దగ్గర ఆఖరి రోజు. తీర్మానం చదివింది మారింగే. రెండుసార్లు చదివింది, మొదటిసారి వెనక వాళ్ళకి వినబడలేదని.

చెయ్యి కాస్త ఎత్తు. ఎత్తవులే.

బయట ఆరు కెమెరాలున్నాయి. పొద్దుటి నుంచి ఉన్నాయి. పంది మనిషి తన దేవుడి ముందు ఆఖరిసారి నడుస్తుంటే తీయాలట. ఏడిస్తే మరీ మంచిదని ఒకావిడ చెప్పి వెళ్ళింది, ఎక్కడ ఏడిస్తే వెలుతురు బాగుంటుందో కూడా చూపించింది.

అందుకని ఒకటి అనుకున్నాను. వినిపించుకో, ఇది నీకూ సంబంధించినది.

ఊరేగింపు చర్చి చుట్టూ తిరిగి, చావడి దాటి, కుడివైపు తిరగాలి కదా. మనం ఎడమవైపు తిరుగుతున్నాం. ఏటికి. ప్రచారం చేయకూడదంటారు, నేనెవరి పేరూ ఎత్తను. జాలరిని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్తే తప్పా? ఆ నాలుగు స్తంభాల ముందు రథం ఆపేస్తాను. కెమెరాలు నా వెనకే వస్తాయి, నా వెనక రాక చస్తాయా. పంది గురించి ఎంతసేపు అడిగితే అంతసేపు చెప్తాను. ఏ పక్క నుంచి తీసినా నా వెనక ఆ స్తంభాలు పడాల్సిందే.

రథం తాడు ముందు పట్టేది అర్లీన్ మొగుడు నెస్తోర్. పొద్దున వాడికి చెప్పాను, చర్చి వాళ్ళు ఊరుకోరు, ఇష్టం లేకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటానన్నాను. తాడు తీసి చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. ఇందాకటి నుంచీ అలాగే నిలబడి ఉన్నాడు.

వంతెన వస్తుందంటావా? నాకూ నమ్మకం లేదు. పంది మనిషి దేవుడికి స్నానం చేయించడానికి తీసుకెళ్ళిందని రాస్తారు. రాసుకోనీ.

అదిగో, డప్పు మొదలైంది. ఇంకొక్కటి ఉంది పేతురయ్యా, నీతో తప్ప ఎవరితోనూ అనలేదు. మిలెత్‌తో కూడా.

శుక్రవారమని మర్చిపోయానని అందరికీ చెప్పాను కదా. మర్చిపోలేదు. గోడ మీద క్యాలెండర్ చూసే పందిమాంసం కోశాను. అధ్యక్షురాలయ్యే మనిషి నా కొట్టుకొస్తోంది, వట్టి ఎండుచేప పెడితే మనీలా వెళ్ళి నా పేరెవరికి చెప్తుంది? చెప్పాలనిపించింది. అంతే. ఆ ఒక్క శుక్రవారం నేను దేవుణ్ణి పక్కకి జరగమన్నాను.

ఇది మాత్రం ఎప్పటికీ బయట పెట్టను. పెడితే ఇంకో రెండు నెలలు దీని గురించే మాట్లాడుకుంటారు. ఈలోగా జూన్ వచ్చేస్తుంది.