రైట్ అన్న రామచిలక

రండి, దగ్గరికి జరగండి తల్లీ. ఆ గోడకి జారబడ్డ పెద్దాయనా, నువ్వూ ఇటు రా, గోడ ఎక్కడికీ పోదులే. రాములవారిని ఒక్కసారి మనసులో తలుచుకోండి. తలుచుకున్నారా? అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేదంట. పులిమెట్ట కొండకింద బస్సాగే చోట టీకొట్టు ఆవిడది. భారీ మనిషి. బస్సెక్కితే డ్రైవరు పక్కనుండే పొడుగు సీటులో తప్ప ఇంకెక్కడా పట్టదనుకో. ఆవిడకో రామచిలక. దానిచేత రామనామం పలికించాలని ఆవిడ ఆశ. పొద్దున్నే దీపం పెట్టి, జాంపండు ముక్క చూపించి, రామా అనవే, రామా అనవే తల్లీ అని బతిమాలేది. అది 'రా' దాకా వచ్చి ఆగిపోయేది. ఏమైందంటే, కొట్టు ముందు రోజూ ఆగే బస్సుకి కాసుబాబని కండక్టరు. టీ తాగి గ్లాసు పెట్టి, రైట్ రైట్ అని ఒక సాగదీత సాగదీసేవాడు. చిలక ఆవిడ రామాని వదిలేసి ఈయన రైట్‌ని పట్టుకుంది. అదే గొంతు, అదే సాగదీత. ఒకరోజు కాసుబాబు ఇంకా టీ ఊదుకుంటూనే ఉన్నాడంట, ఇది రైట్ రైట్ అంది, డ్రైవరు దావీదు బండి తీసుకుని పోయాడు. గ్లాసు చేత్తో పట్టుకుని కాసుబాబు వెనకాల పరుగు. ఊరంతా నవ్వింది. తర్వాత దావీదు అన్నాడంట, ఏం చెయ్యనక్కా, ఆ మాట చెవిన పడితే నా కాలు నన్నడగదు, బ్రేకు మీంచి దానంతటదే లేస్తుంది అని. అప్పుడు అదీ నవ్వులాటే. ఈ మాట మాత్రం దగ్గర పెట్టుకోండి.

కొండమీద రామాలయంలో పూజారిగారు చిలకలకి నామం నేర్పుతారని ఎవరో చెప్పారంట. అచ్చియ్యమ్మ ఓ వానాకాలం మధ్యాహ్నం ఆ బస్సులోనే బయల్దేరింది. కాసుబాబు చూస్తే ఆటపట్టిస్తాడని పంజరం మీద పాతచీర ముక్క కప్పి, పైన కొంగు కప్పి, ఒళ్లో పెట్టుకుంది. చీకటైతే చిలక నోరెత్తదు కదా. బండి ఘాటీ ఎక్కుతోంది. వాన. అద్దం మీద నీళ్లు తప్ప ముందేమీ కనపడదు. ఓ మలుపులో వెనక చక్రం కింద మట్టి సర్రున జారిందంట. బండి వెనక్కి ఒరిగింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, లోయలోంచి రాళ్లు దొర్లుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఎంతకీ ఆగలేదంట, అంత లోతు. దావీదు బ్రేకు మీద నిలబడ్డట్టు తొక్కి పట్టాడు. చేతిబ్రేకు లాగితే ఊరికే వచ్చేసింది, పట్టు లేదు.

"కాసూ, కాలు తీస్తే పోతాం."

"తియ్యకు. నేను రైట్ అనేదాకా తియ్యకు."

"నువ్వంటేనే తీస్తాను."

అచ్చియ్యమ్మ పంజరం మీద కొంగు ఇంకాస్త లాగి కప్పింది. ఒళ్లో పంజరం వెచ్చగా కదులుతోంది.

కాసుబాబు అరవలేదంట, గుళ్లో మాట్లాడినట్టు మాట్లాడాడు. వెనక బరువు తగ్గాలి, వెనకవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ముందు తలుపులోంచి దిగాలి, ముందున్నవాళ్లు మాత్రం కదలకూడదు, ముఖ్యంగా అక్కా నువ్వు, బండి ముందుభాగం ఇంకా నేలకి ఆనుకుని ఉందంటే నీ బరువు వల్లే, అన్నాడు. ఆవిడ కళ్లతోనే ఒళ్లోకి చూపించింది. కొంగు కాస్త తొలిగింది. అదుగో, అప్పుడు చూశాడు పంజరాన్ని. మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. దావీదుకి చెబుదామా అంటే అతని మోకాలు అప్పటికే వణుకుతోంది. దిగేవాళ్ల చేతికిద్దామా అంటే కొత్త చెయ్యి తగిలితే చాలు, అది కూస్తుంది. పైగా మనుషులు దిగే అలికిడి దానికి బాగా తెలుసు, ఆ అలికిడి అవగానే అనాల్సిన మాటా తెలుసు. చీర కింద గొంతు సవరించుకుంటోందంట. కాసుబాబు రెండు పిడికిళ్లూ పెట్టి మెడ తిప్పెయ్యమని సైగ చేశాడు. తప్పంటారా? బండినిండా జనం, చంటిపిల్లలు. ఆవిడ చెయ్యి లోపలికి వెళ్లింది. ఆ మెడ ఎంతుంటుంది, చిటికెన వేలంత. రెండు వేళ్లతో పట్టుకుంది కూడానంట. అది "రా..." అంది. రామా అనబోతోందో రైట్ అనబోతోందో ఆ రాముడికే తెలియాలి. అచ్చియ్యమ్మ మెడ వదిలేసి, చూపుడువేలు తీసుకెళ్లి దాని ముక్కులో పెట్టింది. కొరుక్కోవే తల్లీ, కొరుక్కో అని లోలోపలే అంది. అది కొరికింది. జామకాయ కొరికినట్టు కొరికింది. ఆవిడ అబ్బా అంటే దావీదు ఉలిక్కిపడతాడు, అందుకని పళ్లు బిగబట్టి, కొండవైపు చూస్తూ రామయ్య తండ్రీ, రామయ్య తండ్రీ అనుకుంటూ కూర్చుంది. జనం దిగుతూనే ఉన్నారు. చీరముక్క ఎర్రబడుతూనే ఉంది. దిగినవాళ్లు వానలో బండరాళ్లు మోసుకొచ్చి చక్రాల కింద ఒకటొకటే దోపుతున్నారు. ఒక్కో రాయి పడ్డప్పుడల్లా బండి మూలిగేదంట.

ఆఖరికి కాసుబాబు, అక్కా నువ్వు దిగు అన్నాడు. వేలు అలాగే పంజరంలో ఉంచి, పాకినట్టు దిగింది. లోపల వాళ్లిద్దరే మిగిలారు. కాసుబాబు దావీదు భుజం మీద చెయ్యేసి నోరు తెరిస్తే, చూడండి చిత్రం, వయసంతా ఆ మాట మీదే బతికినవాడికి ఆ మాట రాలేదంట. రెండోసారీ రాలేదు. మూడోసారి గాలిలా వచ్చింది. కాలు లేచింది. బండి ఓ జానెడు జారి, రాళ్లకి ఆనుకుని ఆగింది. ఇద్దరూ దూకేశారు.

అప్పుడు తీసింది అచ్చియ్యమ్మ వేలు. చిలక ముక్కు దులుపుకుని, రైట్ రై...ట్ అందంట. రోడ్డు మీద, గట్టి నేల మీద నిలబడ్డ దావీదు కుడికాలు దానంతటదే పైకి లేచింది. అందరూ చూశారు. ఒక్కరూ నవ్వలేదు. దావీదు అక్కడే బురదలో కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

ఆ చిలక ఇప్పటికైనా రామా అందా అంటారా? అనలేదంట. ఆ వంకర వేలితోనే జాంపండు పెట్టి ఆవిడ ఇంకా బతిమాలుతూనే ఉంది. నన్నడిగితే రాముడికి ఆ వేలే చాలు. బండినీ, వాననీ మర్చిపోతే మర్చిపోండి గానీ, మెడ చేతికందాక కూడా వేలిచ్చిన ఆ పని గుర్తుంచుకోండి. ఇంటికెళ్లి ఒక్కరికైనా చెప్పండి. మీకూ అలాంటి ఘడియ వస్తే, అలాగే చెయ్యండి తల్లీ.