తన గోలును తానే కొట్టివేసిన యోబు మాస్టారు

1926వ సంవత్సరం జూన్ ఏడవ తేదీ, సోమవారం నాడు శ్రీ యోబు గారు మన పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులుగా చేరినారు. చంకలో తోలుబంతి, మెడలో ఈల తప్ప వేరే సామాను లేని వారిని చూచి, ఏ విద్యార్థికో బంధువై ఉంటారని తలచి మన జవాను మధ్యాహ్నం దాకా వరండాలోనే కూర్చోబెట్టినాడట. ఇరువది మూడేండ్ల సేవానంతరం ఈ జూన్ మాసాంతమున వారు పదవీ విరమణ చేయుచున్న సందర్భాన, వారి సహోపాధ్యాయుడనైన నేను ఈ నాలుగు మాటలు వ్రాయగలుగుట నా భాగ్యము.

యోబు గారు జగదేవ్‌పూర్ సమీపాన ఒక వ్యవసాయ కూలీల కుటుంబంలో జన్మించినారు. మిషను వసతి గృహంలో చదువుకొనుచు, అచ్చటి పాదిరీ దొర వద్ద ఫుట్‌బాల్ నేర్చినారు. దొర గారికి సింహళ ద్వీపానికి బదిలీ కాగా, వంట నిమిత్తమై వీరిని వెంట తీసుకొనిపోయినారు. కొలంబో చేరిన నెలలోనే రేవు కార్మికుల జట్టువారు వీరి పరుగు చూచి తమలో చేర్చుకొన్నారు. ఆనాటినుండి దొర గారు తమ వంట తామే వండుకొన్నారని వినికిడి. జట్టువారు బూట్లు ఇచ్చినను వీరు తొడుగలేదు. "బూట్లేస్తే బంతి ఏ కాలికి తగిలిందో ఎర్కయితలేదు" అన్నది వీరి వాదము. ఎనిమిదేండ్లు ఆ దేశపు మైదానాలలో వట్టి కాళ్లతో కీర్తి గడించి, తల్లికి జబ్బు చేసిందని తెలిసి స్వదేశం చేరినారు.

వారు వచ్చునాటికి మన విద్యార్థుల ఆట వర్ణనాతీతము. బంతి ఎక్కడుంటే పదకొండు మందీ అక్కడే ఉండేవారు. "ఒక్క బెల్లం ముక్కకు గిన్ని ఈగలా? ఎవని జాగల వాడుండున్రి" అని యోబు గారు పగలంతా అరచి, గొంతు పోయి, సాయంత్రం ఈలతోనే సంభాషించేవారు. కొన్నేండ్లకు ఆ ఈగలే జిల్లాలో పేరు మోసిన జట్టుగా రూపొందినవి.

వారి వ్యక్తిత్వాన్ని తెలుపు సంఘటన ఒకటి 1941లో జరిగినది. యుద్ధకాలపు పొదుపులో భాగంగా, ఆ యేడు జిల్లా ఫుట్‌బాల్ షీల్డు గెలిస్తేనే డ్రిల్లు పోస్టు, అనగా యోబు గారి కొలువు, నిలుస్తుందని తనిఖీ అధికారి గారు సెలవిచ్చినారు. తుది పోటీ మన మైదానంలోనే, మెదక్ నుండి వచ్చిన జట్టుతో. రిఫరీగా రావలసిన పెద్దమనిషి బస్సు చెడి దారిలోనే నిలిచిపోయినారు. మెదక్ మాస్టారు కాశయ్య గారు ఉదారంగా "మీరే ఊదున్రి, మాకేం ఫికర్ లేదు" అనగా యోబు గారు ఈల పట్టినారు.

ఆట ఇంకొక పావుగంటలో ముగియుననగా, ఇరుపక్షాలకూ గోలు లేని సమయాన, బంతి ఎగిరివచ్చి సరిగ్గా యోబు గారి కుడికాలి ముందు పడినది. మనస్సు రిఫరీదే గాని కాలు కొలంబోది. ఆ కాలు ఎవరినీ అడుగలేదు. బంతి గోలీ తల మీదుగా పోయి మెదక్ వారి గోలులో పడినది.

ఊరంతా ఈలలు వేసినది. తనిఖీ అధికారి గారు సైతం కుర్చీలోనుండి లేచినారు. బంతి రిఫరీకి తగిలి గోలులో పడితే అది గోలే అని నియమము. ఆ ఉదయమే నియమాలు చదివిన మన ప్రధానోపాధ్యాయులు మైదానంలోకి పరుగెత్తినారు.

"మాస్టర్ సాబ్, బంతి మీ కాలుకు తగిలింది గదా?"

"తగల్లే సార్. తన్నిన."

"తగిలిందంటే ఎవలడుగుతరు? మీ కొలువు సంగతి యాదికున్నదా?"

"యాదికున్నది సార్. కానీ కాలు నాది. తగిలిందో తన్నిందో నాకెర్కలేదా?"

అని, ఈల ఊది, తమ గోలును తామే కొట్టివేసి, అటుపిమ్మట తమను తామే మైదానం వెలుపలికి పంపుకొన్నారు. కాశయ్య గారు వచ్చి బతిమాలినారు. "తప్పు జేసినోన్ని బయటికి పంపకుంటే రేపు పిల్లలు నా మాటింటరా?" అని యోబు గారు వినలేదు.

ఈల నా చేతికి వచ్చినది. నేను తెలుగు పండితుడను. సంధులు తెలుసును గాని గోలు తెలియదు. అనుమానం వచ్చినప్పుడెల్లా ఊదినాను. చివరి నిమిషంలో మెదక్ వారు బంతిని మన గోలులోకి కొట్టగా, నేను తటపటాయించుచుంటే, గీత అవతలినుండి యోబు గారే కేక వేసినారు: "దేవరాజు సార్, గది గోలే. ఊదున్రి."

ఊదినాను. ఓడినాము.

ఇంటికి పోయినాక వారి సతీమణి ఐలవ్వ గారు అన్నం వడ్డించుచు, "ఇన్నేండ్లకు నా కండ్ల ముంగట ఒక్క గోలు గొడితివి, గదీ చెల్లకపాయె" అన్నారట. వారు నవ్వలేదు. డ్రిల్లు పోస్టు రద్దయినది. విదేశం చూచి వచ్చిన కారణాన వారికి భూగోళం అప్పగించినారు. ఏ దేశం గురించి అడిగినా వారి పాఠం కొలంబో రేవులోనే ముగిసేది. సాయంత్రం పిల్లలు ఆడుచుండగా వారు కిటికీ వద్ద నిలబడి చూచుట మాకు బాధ కలిగించేది.

మరుసటి యేడు పోటీలకు కాశయ్య గారు ఒక షరతు పెట్టినారు. "యోబు మాస్టారు ఈల పడితెనే మా జట్టు బస్సెక్కుతది. తన గోలునే ఒప్పుకోనోడు ఎవని దొంగ గోలు ఒప్పుకుంటడు?" అని అధికారి గారి ముఖం మీదనే అన్నారు. భూగోళ ఉపాధ్యాయుడు రిఫరీ కాజాలడని నిబంధన. కావున డ్రిల్లు పోస్టే తిరిగి వచ్చినది. ఆ యేటి పోటీలో బంతి దగ్గరికి వచ్చినప్పుడెల్లా యోబు గారు పామును చూచినట్లు ఎగిరి దూకుచుండగా జనం ఆట చూచుట మాని వారినే చూచినారు. షీల్డు మనకు వచ్చినది. ఓడిన కాశయ్య గారే మొదట వచ్చి వారిని కౌగిలించుకొన్నారు.

ఇక వారు స్వగ్రామంలో సేద్యం చేయదలచినారు. మొన్న అభినందనలు తెలుపబోతే, "పెరట్ల గుమ్మడికాయలు కాసినయి సార్. ఈయన ఖాళీగుంటే గవి ఉంటయా అని నాకు రందైతుంది" అన్నారు ఐలవ్వ గారు. భగవంతుడు యోబు గారికి నిండు నూరేండ్ల ఆయువును, చెక్కుచెదరని ఆరోగ్యాన్ని, ఆ కుడికాలికి ఇకనైనా కొంత విశ్రాంతిని ప్రసాదించుగాక. ఆ గుమ్మడికాయలకు సైతం దీర్ఘాయుష్షు కలుగుగాక.

— దేవరాజు, తెలుగు పండితుడు, సిద్దిపేట