లతీఫా బేగం గారి కళ్లూ, కొత్త మానిటరూ

1989 జూన్ 19వ తేదీన శ్రీమతి లతీఫా బేగం గారు మన నీటిపారుదల శాఖ జనగామ కార్యాలయంలో, పటాలకు నకళ్లు గీసే ట్రేసర్‌గా బాధ్యతలు స్వీకరించారు. సిరా పెన్నుతో కాలువలు గీస్తూ, తప్పు పడితే ఊపిరి బిగబట్టి బ్లేడుతో గీకి సరిచేస్తూ గడిచిన ఆ రోజులు తలపుకు వస్తే, ఇప్పటికీ మనసు అక్కడికే పోతుంది. ఆమె పక్క బల్ల వద్ద కూర్చునే భాగ్యం నాకు కలిగింది. ఆమె చేత చివాట్లు తినే భాగ్యమూ కలిగింది.

కంప్యూటర్లు వచ్చాక, మహబూబాబాద్‌కు బదిలీ అయిన ఆమె నలభై దాటిన వయసులో, కంప్యూటర్‌పై నక్షాలు గీసే క్యాడ్ అభ్యసించి, డ్రాఫ్ట్స్‌మన్‌గా పదోన్నతి పొంది, తర్వాత అక్కడికే వచ్చిన నాతో సహా అందరికీ ఆ విద్య నేర్పారు. ఓపికగా నేర్పారని మాత్రం నేను రాయను.

నాలుగేళ్ల కిందట డోర్నకల్ వైపు కాలువ నక్షాలో, గట్టు గీతనూ పక్కనే ఉన్న పొలం హద్దునూ తెరపై కలిసిపోయి కనిపించడంతో ఒకే గీత రెండుసార్లు పడిందనుకుని, పొలం హద్దును చెరిపేశారు. తర్వాత పాత కాగితం నక్షాతో పోల్చి, తప్పును తామే గుర్తించి కుప్పకూలిపోయారు.

"నా కండ్లు పోయినయ్ శివాజీ. రైతు భూమి మింగిన. ఇగ నేను గీ కుర్సీల కూసోవద్దు, దిగిపోత" అన్నారు.

అప్పటికే అధిక రిజల్యూషన్ గల పెద్ద మానిటర్ ఒకటి కార్యాలయానికి వచ్చి ఉంది. ఎక్కడ? అధికారి గదిలో, అట్టపెట్టె కూడా విప్పకుండా! కొత్త వస్తువేదైనా ముందు పెద్ద గది చేరాలన్నది మన ఆచారం కదా. నాకు ఒళ్లు మండింది. పోయి అడిగేశాను. అధికారి రాజమౌళి గారు తామే మోసుకొచ్చి ఆమె బల్లపై పెట్టారు.

చెరిపిన గీతను తిరిగి తెచ్చి, అదే నక్షాను తెరిచాం. పాత అలవాటు కొద్దీ ఆమె స్టీలు స్కేలును తెర మీదే పెట్టి కొలవబోయారు.

"అక్కా, అది కాగితం గాదు!" అని నేను అరిచేలోపే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అరే! గీడ రెండు గీతలున్నయి. సన్నగ, వేరువేరుగ! నువ్వు జర పాత దాంట్ల చూడు."

పాత మానిటర్‌లో చూశాను. నాకూ ఒకటే గీత కనిపించింది.

"అంటే నా కండ్లు మంచిగనే ఉన్నయా?" అంటూ ఆమె కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చారు. నాకూ ఏడుపు ఆగలేదు.

దిగిపోతానన్న మనిషి ఆ తర్వాత బదిలీపై భూపాలపల్లికి వెళ్లి, అక్కడా అటువంటి మానిటర్ ముందే కూర్చుని, నేటి వరకూ తలెత్తుకుని పనిచేశారు.

అక్కా, మీ పదవీ విరమణతో రేపటి నుంచి ఆఫీసు ఫోన్లో మీ అరుపులు వినిపించవంటే దిగులుగా ఉంది. మీ కూతురు సబా బిడ్డల బిడ్డలు పుట్టినప్పుడు, ఏ ముఖంలో ఎవరి పోలిక ఉందో మీరే చూసి తేల్చి చెప్పేంతటి ఆయువును, ఆరోగ్యాన్ని, చెక్కుచెదరని ఆ చూపును అల్లా మీకు ప్రసాదించుగాక.