గోడ వరుస ద్రాక్ష

"బీరులో ద్రాక్ష వేశావా? ఇంకా నయం, వంకాయలు వెయ్యలేదు."

"రుచి చూసి తిట్టండి మామయ్యగారూ. చూడకుండా తిడితే మీకే సరదా తగ్గుతుంది."

(పాత షెడ్డు. స్టీలు ట్యాంకుల మధ్య ఒక బల్ల, మూడు స్టూళ్ళు. ఒక పక్క బీరు కాచే అల్లుడు, ఎదురుగా వైన్ చేసే మామగారు, మధ్యలో అత్తగారు. గ్లాసులు మూడూ నిండే ఉన్నాయి.)

"తిట్టడానికి రాలేదయ్యా, షెడ్డు చూసుకోవడానికొచ్చా. ఈ షెడ్డు నాది, గుర్తుందా?"

"మర్చిపోనిస్తే కదా."

"మన ఒప్పందం కూడా విను. ఒక్క గ్లాసు తాగుతా. బాగుంటే ఉండు. బాగోలేదా, రేపు పొద్దున్నే ఈ డబ్బాలన్నీ..."

"ట్యాంకులు."

"...ఈ డబ్బాలన్నీ ఎత్తుకుని బయటికి నడువు. నా పీపాలకి చోటు చాలట్లేదు. నా తోటలో గోడ పక్క తీగలది, ఆ గోడ వరుస వైన్ కోసం జనం కొట్టుకు చస్తున్నారు."

"ఎవరూ చావలేదండీ. లైనులో నిలబడ్డారు, అంతే."

"నువ్వూరుకోవే."

"ఊరుకునే సగం గ్లాసు తాగేశా. అల్లుడూ, ఇంకాస్త పొయ్యి."

"అదేంటి, నేనింకా మొదలే పెట్టలేదు!"

"మీరు మాట్లాడుతున్నారు, నేను తాగుతున్నా. ఎవరి పని వాళ్ళది."

"మామయ్యగారూ, ఒక్క మాట. ఉన్న ఉద్యోగం మానేసి ఈ షెడ్డులో కూర్చున్నా. ఇప్పుడు ట్యాంకులు కదిపితే లోపల పులుస్తున్నదంతా పాడైపోతుంది. మీరు తాగేటప్పుడు అది కాస్త..."

"జాలి కలుపుకుని తాగమంటావా? అదీ వేశావా ఇందులో, ద్రాక్షతో పాటు?"

"సరే, మామూలుగానే తాగండి."

"రంగేంటయ్యా ఇలా ఉంది?"

"సగం బార్లీ రసం, సగం ద్రాక్ష. తొక్కతో పాటే పులియబెట్టా. అందుకే ఆ గులాబీ రంగు."

"గులాబీయా! దెబ్బ తగిలిన మోకాలి రంగు. ఉండు, దీనికి ముందు నువ్విది నోట్లో పోసుకో. ఇదుగో, నా చేతుల మీదుగా వచ్చిన సీసా. గోడ వరుస, పోయిన కోతలది. దీని పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది, ఏది ద్రాక్షో, ఏది కడుగునీళ్ళో."

"చాలు చాలు, కొంచెమే... ఊఁ. బాగుంది."

"బాగుందా? అంతేనా?"

"అంటే... బాగుంది. ఇది గోడ వరుసేనా మామయ్యగారూ?"

"సీసా మీద రాసుంది చదవడం రాదా? పోయిన వారం మన వైన్ అమ్మే హాల్లో ఒకాయన ఇది తాగి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు!"

"ఆయనకి కళ్ళకలకండీ. నా పక్కనే కూర్చుని మందు చుక్కలు వేసుకున్నాడు."

"నీకు తెలీదు. నువ్వో గ్లాసు తాగు, తెలుస్తుంది."

"నాకొద్దు. బీరు చాలు."

"చూడవయ్యా, దేవుడి లాంటి వైన్ ఎదురుగా పెట్టుకుని ఈ నురగ నాకుతోంది! నిజానికి ఇంకా బాగా రావాల్సింది. కోతలకి ముందు ఆ దొంగ వెధవ గోడ వరుసలో నాలుగు గుత్తులు ఎత్తుకుపోయాడు."

"నాలుగే... నాలుగేనా మామయ్యగారూ?"

"నాలుగే. ఏం, తక్కువనిపించిందా? దొరకనీ. వాణ్ణి ద్రాక్ష తొట్టిలో పడేసి నేనే తొక్కుతా."

"మీ మోకాళ్ళతోనా?"

"నువ్వూరుకోవే! ఏదయ్యా, ఇలా ఇవ్వు గ్లాసు. ముక్కు మూసుకుని తాగేస్తా, షెడ్డు తాళాలు పుచ్చుకుని పోతా."

"ముక్కు మూసుకోకండి. వాసన ముఖ్యం."

"ఇదుగో, తాగేస్తున్నా... ఊఁ."

"ఎలా ఉంది మామయ్యగారూ?"

"ఉండు."

"బాగోలేదా?"

"ఉండమన్నానా!"

"అత్తయ్యా, ఆయన కళ్ళు మూసుకున్నారు."

"నిద్రేమో."

"నిద్ర కాదు! ఇంకొంచెం పొయ్యి."

"అంటే బాగుందా?"

"తప్పెక్కడుందో వెతకాలి. ఒక్క గుక్కలో దొరకట్లేదు. నిండా పొయ్యవయ్యా, పిసినారిలా ఆ సగం సగం ఏంటి... ఊఁ. ఊఁ. ద్రాక్ష ఎక్కడిది?"

"ద్రాక్షా?"

"ద్రాక్షే. గుండ్రంగా ఉంటుంది, తీగకి కాస్తుంది. ఎక్కడిది?"

"మార్కెట్లోదండీ."

"మార్కెట్లో దొరికేది తినే ద్రాక్ష. గింజుండదు, తొక్క ఉల్లిపొరలా ఉంటుంది. ఇది వైన్ ద్రాక్ష. ఎవరమ్మారు నీకు?"

"అమ్మలేదు, ఇచ్చారు. ఒకావిడ... ఒకాయన."

"ఆవిడా, ఆయనా?"

"దూరం నుంచి చూశా మామయ్యగారూ."

"ద్రాక్ష దూరం నుంచి విసిరారా?"

"ఏమండీ, తాగి బాగుందో లేదో చెప్పమంటే ఈ పోలీసు ప్రశ్నలేంటి?"

"నీకు అర్థం కావట్లేదు. చివర్లో మిరియం ఘాటు తగిలిందా? దాని వెనకాల ఎండకి కాలిన రాయి వాసన. ఈ రుచి ఒక్కచోటే ఉంది. పగలంతా ఎండ తాగి, చీకటి పడ్డాక తీగలకి వెచ్చదనం పంచే గోడ నాకొక్కడికే ఉంది."

"గోడలు చాలామందికి ఉంటాయండీ."

"ఇది నా గోడ! ఇది నా గోడ వరుస! అల్లుడూ, నా కళ్ళలోకి చూసి చెప్పు. ఎవరు కోశారు?"

"మామయ్యగారూ, అది..."

"ఎవరు?"

"నేనే."

"అల్లుడూ!"

"మీరు మాట్లాడకండి అత్తయ్యా. నేనే కోశా. నేనే దొంగని. తిట్టేది నన్ను తిట్టండి."

"నువ్వా? ఎలా కోశావు?"

"చేత్తో. పట్టుకుని లాగా."

"లాగితే కాడ చీలుతుంది. ఆ తీగల మీద ఒక్క చీలిక లేదు. వేలెడు కాడ వదిలి కత్తెరతో కోశారు."

"కత్తెరే. కత్తెరని చేత్తో పట్టుకున్నా."

"మరి వల?"

"ఏ వల?"

"పిట్టలు వాలకుండా వరుస పొడుగునా కప్పిన వల! అది తియ్యకుండా గుత్తి చేతికెలా వచ్చింది?"

"విప్పా. విప్పేసి, కోసేసి, అలాగే వదిలేసి పారిపోయా. దొంగని కదా!"

"అదీ! దొరికావు. దొంగ వల మళ్ళీ కట్టి వెళ్ళాడయ్యా. ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక్కో ముడీ. వదిలేస్తే పిట్టలు పక్క వరుస మీద పడతాయని. ఏ దొంగకయ్యా నా తోట మీద అంత ప్రేమ?"

"నాకు... నాకు ప్రేమేనండీ."

"రెండు చుట్లు తిప్పి కొస లోపలికి దోపిన ముడి అది. నీకు బూటు లేసు కట్టుకోవడమే రాదు. నా కూతురు కడుతుంది."

"ఈమధ్య నేర్చుకున్నా."

"మరి కాళ్ళకి చెప్పులేంటి?"

"గాలికండీ."

"ఏమండీ."

"ఉండవే, దర్యాప్తు మంచి పట్టు మీదుంది."

"దర్యాప్తు ఆపి ఆలోచించండి. పోయిన ఏడు చెయ్యి విరిగితే మీ మెళ్ళో గుడ్డ ఎవరు కట్టారు? పీపా మూతల మీద గుడ్డ ఎవరు కడతారు? ఏ ముడితో కడతారు?"

"నువ్వు... నువ్వా?"

"నేనే."

"అత్తయ్యా! చెప్పకూడదని మాటిచ్చుకున్నాం కదా!"

"మాటిచ్చింది నువ్వు. నేనివ్వలేదు."

"నా ఇంట్లో! నా పక్కన కూర్చుని! 'అయ్యో దొంగ, అయ్యో దొంగ' అని నాతో పాటు టార్చి పట్టుకుని తోటంతా తిరిగావు కదే!"

"మీరొక్కరే చీకట్లో తిరిగితే పడిపోతారని వచ్చా."

"ఎందుకు చేశావు? అది చెప్పు ముందు."

"మర్యాదగా అడిగా కదా. అల్లుడికి కాస్త ద్రాక్ష ఇద్దామన్నా. 'బీరులో పోసే బదులు పందులకి వేస్తా' అన్నారు. మనకి పందులు లేవు, అల్లుడున్నాడు. ఇచ్చేశా."

"విన్నావా అల్లుడూ, నీ హోదా?"

"విన్నా మామయ్యగారూ. పందుల తర్వాతైనా చోటిచ్చారు."

"పెళ్ళైనప్పట్నుంచి నా వైన్ తాగుతూ నాకే..."

"పెళ్ళైనప్పట్నుంచి మీరు పోస్తున్నారు, నేను మింగుతున్నా. ఇష్టమా అని ఒక్కసారి అడిగారా? పాలు తాగే పిల్లిలా చప్పరించు, గ్లాసు తిప్పు, వాసన చూడు, ఏమనిపించిందో చెప్పు! దాహమేస్తుందండీ నాకు. చల్లగా గడగడా తాగేది ఏదైనా కావాలనిపించింది."

"దాహమైతే నీళ్ళు తాగు! నా గోడ వరుస మీద పడతావా? అయిపోయింది. ఒప్పందం లేదు, ఏమీ లేదు. రేపు పొద్దున్న షెడ్డు ఖాళీ."

"బాగుంటే ఉండొచ్చన్నారు కదా మామయ్యగారూ? మీది మూడో గ్లాసు."

"అది తప్పు వెతకడానికి తాగింది!"

"దొరికిందా?"

"దొరికింది! దొంగ ద్రాక్ష! ఇది అమృతమైనా సరే, నా షెడ్డులో పులియడానికి వీల్లేదు. తాళాలియ్యి."

"మామయ్యగారూ, పొద్దున్నకల్లా ఎక్కడికి పోను? ఈ ట్యాంకు నిండా..."

"నాకు తెలీదు! తాళాలు!"

"నువ్వు ఇవ్వకు అల్లుడూ. ఏమండీ, నాలుగు గుత్తులకి ఇంత రభసేంటి? హాల్లో అందరి ముందూ మీరే చెప్పారు కదా, నాలుగే పోయాయని."

"నాలుగా! నాలుగు గుత్తులా! వరుస వరుసంతా ఊడ్చేశావు కదే! పొద్దున్నే వెళ్ళి వల ఎత్తి చూస్తే ఆకులు! ఒట్టి ఆకులు! ఆ ఆకులు పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చా, తెలుసా నీకు?"

"ఒక్క గుత్తైనా మిగల్లేదా?"

"గుత్తా? కాయ మిగల్లేదు! ఒక్క కాయ కూడా మిగల్లేదు!"

"అయ్యో పాపం. విన్నావా అల్లుడూ?"

"విన్నా అత్తయ్యా. చాలా శ్రద్ధగా విన్నా."

"ఏం విన్నారు? వినడానికేముందిందులో? ఎందుకలా నవ్వుతున్నారిద్దరూ?"

"అల్లుడూ, మీ మామయ్యగారి గ్లాసు నింపు, అరిచి అరిచి అలిసిపోయారు. తాగండి. తాగి, నెమ్మదిగా, కంగారు పడకుండా చెప్పండి. గోడ వరుసంతా ఈ ట్యాంకులో ఉంటే, మీరు తెచ్చిన ఆ సీసాలో ఉన్నదేంటండీ?"