పాపని ఈడ ఇడిసిపెట్టద్దు

అట్ల అనద్దు అంజలీ. "నువ్వుండావు కదా పెద్దమ్మా, ఇంగ నాకేం బయం" అంటివే, ఆ మాట మాత్రం నాతో అనద్దు. ఏమన్నా అను, అది మాత్రం వద్దు.

లోపలికి రా, వంటగదిలోకి. పాపని లేపద్దు. భుజం మీదనే పండుకోనీ. రాత్రిళ్ళు కన్ను మూయదంటివి కదా, యాడ నిద్దరొస్తే ఆడ పోనీ. గిడ్డయ్య సార్ వచ్చేకి ఇంగా అర్దగంట ఉంది. పిల్లోళ్ళు కూడా రాలేదు. జావ పొయ్యి మీదుండాది, ఉండనీ. సార్ వస్తే నిన్ను కుర్చీలో కూకోబెట్టి, "మంజు మన బడి పిల్ల, మా బాద్యత" అని మంచిగా మాట్లాడతాడు. పాపని మళ్ళా బడికి పంపేకి నువ్వు సంతకం పెట్టేస్తావు. అంతకన్నా ముందే నేను సెప్పాల.

పోయిన జూన్‌లో నువ్వు హొళగుంద నుంచి ఒక ట్రంకు పెట్టె, ఈ పాప, అంతే కదా తెచ్చుకుంటివి? ఎమ్మిగనూరులో నీకెవరూ లేరు. సరస్వతమ్మోళ్ళ ఇంట్లో మగ్గానికి కండెలు సుట్టే పని దొరికింది. మొదటి దినం పాప నా కాడికొచ్చి "అజ్జీ, నీరు బేకు" అనింది, నీళ్ళు కావాలని కన్నడంలో. బడంతా నగినారు. బేకు, బేకు అని వారం దినాలు ఎగతాళి! గరిటె తీసుకోని తరిమింది నేనే కదా? ఆ పొద్దు నుంచి మధ్యాన్నం గంట కొడితే సాలు, నా పక్కన వచ్చి కూకునేది. గుడ్లు వలిసేది. సిన్న సిన్న వేళ్ళు, ఒక్క పెచ్చు మిగలనిచ్చేది కాదు.

నువ్వు ఈడ్నే, ఈ గడప కాడ నిలబడి సెప్పినావు. "మా ఆయన వీరేష్ మంచోడు కాదు పెద్దమ్మా. పాప మీద ప్రేమ ఉండి రాడు, నన్ను మళ్ళా ఆ ఇంటికి ఈడ్సకపోయేకి వస్తాడు. నాకు తప్ప ఎవురికీ ఇయ్యద్దు" అని నా సెయ్యి పట్టుకున్యావు. నేను ఊ అన్యా.

వాడు కార్తీకంలో వచ్చినాడు.

నీకు సగమే తెల్సు. ఎదురుగా సోమప్ప టీ బంకు ఉంది సూడు, ఆడ. పొద్దున గంట నుంచి మాపు గంట దాకా. అరవడు, తిట్టడు, ఎవురితో మాట్లాడడు. శెనక్కాయలు వలుసుకుంటా బడి పక్కే సూస్తా నిలబడేది. కాళ్ళ కాడ పొట్టు కుప్ప పడుతుండె. మూడు వారాలు! ఒక దినం పిల్లోళ్ళు ఆడుకుంటాంటే బంతి రోడ్డు మీదికి పోయె. వాడు దాన్ని తీసి, గేటు కాడికి తెచ్చి, ఊర్కే పట్టుకోని నిలబడినాడు. ఒక్క పిల్లోడు పోయి తీసుకోలేదమ్మా. బంతి వానికే ఇడిసిపెట్టి లోపలికి ఉరికొచ్చినారు.

సార్‌కి సెప్పినా. "రోడ్డు మీద నిలబడినోన్ని మనమేం సేస్తాం ఉచ్చీరమ్మా" అన్యాడు. స్టేషన్‌కి ఫోన్ సేసినాడంట, ఎవురూ రాలేదు.

ఇంగ ఆ తల్లులు! గేటు కాడ గుంపు కట్టి, "ఆ హొళగుంద పాప వచ్చినప్పట్నుంచే ఈ పీడ. దాన్ని పంపించేయండి, లేకుంటే మా పిల్లోళ్ళని తీసకపోతాం" అన్యారు. తీసకపోయినారు కూడా. ముప్పై రెండు మందిమి ఉంటిమి, పందొమ్మిదికి వచ్చినాం. వంట సేస్తే సగం మిగిలేది. సార్ ఒక దినం ఈడికే వచ్చి, "ఇంగ నలుగురు పోతే ఈ బడి మూసేసి, పెద్దరోడ్డు అవతలి బడిలో కలిపేస్తారు" అన్యాడు. ఆ రోడ్డు ఎట్లాంటిదో తెల్సు కదా? ఆదోని లారీలు. ఒకటో తరగతి పిల్లోళ్ళు ఎట్ల దాటల్ల? నేను యాడికి పోవల్ల? పదహైదేండ్లు ఈ పొయ్యి ముందర కూకున్యా.

ఏం, అట్ల సూస్తావు? యాడికి పోతాండానో తెల్సిపోయిందా?

బేస్తారం. సార్ మీటింగని మండలం ఆఫీసుకు పోయినాడు. లత టీచరు లోపల లెక్కలు సెప్తాంది. అన్నాలు అయిపోయి నేను తపేలాలు కడుగుతాండా. మంజు పక్కన కూకోని గ్లాసులు లెక్కపెడుతాంది. వాడు రోడ్డు దాటి గేటు కాడికి వచ్చినాడు. "పెద్దమ్మా, అంజలి కండ్లు తిరిగి పడిపోయింది, ఆస్పత్రిలో ఉండాది, పాపని సూడల్ల అంటాంది" అన్యాడు. ఎంత మెత్తగా అన్యాడో! నువ్వు పిలిసినట్లే, పెద్దమ్మా అని.

నమ్మినానా అని అడుగు. అడగవేం?

నమ్మలేదు తల్లీ. సరస్వతమ్మ ఇల్లు ఆ సందు తిరిగితే వస్తాది. నీకేమన్నా అయితే వీధి వీధంతా మొత్తుకోని వచ్చేటోళ్ళు. నాకు తెల్సు. గేటు తాళంచెవి నా నడుముకే ఉంది. నా సేతులకి మసి ఉంది, సబ్బు ఉంది. కడుక్కోని, తుడుసుకోని, మెల్లగా పోయి తీసినా. అంత సేపు పట్టింది. అంత సేపట్లో ఒక్కసారి కూడా మనసు వద్దనలేదు. ఏమనిందో తెల్సా? కన్నోడే కదా, సంపుతాడా అనింది. ఈ ఒక్క పాప పోతే తక్కినోళ్ళంతా వస్తారు అనింది. పీడ పోతాది అనింది.

మంజు వాన్ని సూసి నా ఎనకాల దాక్కునింది. నా సీర పట్టుకోని, "అజ్జీ, హోగ్లా?" అనింది. పోదునా అని నన్నే అడిగింది అంజలీ. వాన్ని కాదు.

"పో" అన్యా.

కొట్టు. కొట్టేదుంటే కొట్టు.

మాపున నువ్వొచ్చి గుండెలు బాదుకుంటాంటే, సార్ "యాడికి పోయింది, ఎట్ల పోయింది" అంటాంటే, నా నోట్లోంచి వచ్చేసింది. ఎనక గోడ కూలింది కదా, ఆ సందులో దూరి పోయిందేమో అన్యా. పోలీసోళ్ళు రెండు దినాలు ఆ ఎనకున్న పత్తి సేన్లల్లో, కాలవ గట్టున ఎతికినారు. నువ్వు ఆ కాలవ నీళ్ళల్లోకి సూస్తా నిలబడితివి. నీ పక్కన్నే నేనూ నిలబడితి. నీ ఈపు నిమిరితి. ఆ రెండు దినాల్లో వాడు పాపని సిరుగుప్ప దాటించినాడు. పోలీసోళ్ళకి దొరికిందాకా పదకొండు దినాలు ఆడ ఇటుక బట్టీ కాడ, ఎవురెవురి మద్యన ఉన్యాదో, ఏం తిన్యాదో.

పోలీసోళ్ళు వాన్ని ఏం సేసినారు? కన్నతండ్రి అని రెండు మాటలు తిట్టి పంపిచ్చినారు.

నిన్న వచ్చినాడు. నేను బోరింగు కాడ బిందె పట్టుకుంటాంటే పక్కన్నే వచ్చి నిలబడినాడు. "రేపట్నుంచి బడికి పంపిస్తాందంట కదా?" అన్యాడు. నీ నోట్లో ఉన్న మాట వానికెట్ల తెల్సిందో! "గేటు తీసింది నువ్వని నేను ఎవురికీ సెప్పలేదులే పెద్దమ్మా. మనిద్దరి మద్యనే ఉండనీ" అని నగినాడు. ఆ నగుకు అర్తం తెల్సు కదా నీకు? ఈతూరి గూడా తీస్తానని వాని నమ్మకం.

అందుకే సెప్తాండా. ఈ బడిలో వద్దు. యాడికన్నా తీసకపో, ఆదోనిలో హాస్టల్ ఉన్న బడి ఏదన్నా సూడు. స్టేషన్‌కి పోదాం అంటే ఇప్పుడే వస్తా, ఈ మాటే ఆడ సెప్తా. పనిలోంచి తీసేస్తారా? తీసేయనీ. ఈ గుడ్లు ఇంగెవురో ఉడకబెడతారు.

ఒక్కటి ఉండిపోయింది. పాప దొరికినాక పోలీసమ్మ అడిగిందంట కదా, గోడ సందులోంచి నువ్వే పోయినావా అని? అవునని తల ఊపిందంట. వచ్చినప్పట్నుంచి అదొక్కటే కదా పాప సెప్పింది?

నా అబద్దాన్ని అది మోసింది అంజలీ. ఏడేండ్లది. బయంతో మోసిందో, నా మీద ప్రేమతో మోసిందో నాకు తెల్దు. బయమే అయ్యుండాల అని దినామూ దేవునికి మొక్కుతాండా.