హెస్లప్ అబద్ధం చెప్పలేదు

విల్ఫ్ హెస్లప్‌ని అబద్ధాలకోరన్నారు. అన్నవాళ్ళు ఆయన సంతాప సభకొచ్చి ఈ హాల్లోనే ఉన్నారు, ముందు వరసలో, నల్ల టైలు కట్టుకుని. ఓదార్పు మాటలు తర్వాత. ముందు ఈ సంగతి తేలాలి.

నా పేరు డానా. రేవులో చేపలు కోసే షెడ్డులో పని. పిట్టల గురించి ఏ బడిలోనూ చదవలేదు. నాకు తెలిసిందంతా షెడ్డు వెనక ఎల్డర్ చెట్ల పొదల్లో ఈ విల్ఫ్ పెద్దాయన దగ్గర నేర్చుకున్నదే. నలభై ఏళ్ళు వలలు బాగుచేసిన మనిషి. అక్టోబరు వస్తే పొద్దున్నే షెడ్డు పొగగొట్టం వంక చూసేవాడు. పొగ ఊరి మీదికి వాలితే తూర్పుగాలి. దానికి వాన తోడైతే, సముద్రం దాటి అలిసొచ్చిన పిట్టలు ఆ పొదల్లోనే పడతాయి. "కాళ్ళరిగేలా తిరక్కే పిల్లా. నిలబడు. వాటికి రెక్కలున్నాయి, అవే వస్తాయి" అనేవాడు.

మూడేళ్ళ కిందట సైబీరియా నుంచి నీలితోక పిట్ట వచ్చింది. సంబరపడి పిట్టలు చూసేవాళ్ళందరికీ కబురు పెట్టాడు. ఏం జరిగిందో మరిచిపోయారా? మధ్యాహ్నానికి రెండొందల మంది. ఫొటోల కోసం కొమ్మలు విరిచారు, కంచె తొక్కారు, ఒక్క పురుగు తిననివ్వకుండా దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తరిమారు. అలిసి బయటపడ్డ దాన్ని డేగ ఎత్తుకుపోయింది. పెద్దాయన ఎవర్నీ తిట్టలేదు. "కబురు పెట్టింది నేనే కదా" అన్నాడు. అంతే.

అందుకే నిరుడు అక్టోబరు పన్నెండున కెంపుగొంతు పిట్ట దిగితే నోరు విప్పలేదు. ఈ తీరంలో అంతకుముందు ఎవరూ చూడని పిట్ట. అది కడుపునిండా తిని ఎగిరిపోయాకే, కనబడ్డ పిట్టల లెక్క రాసే జిల్లా పక్షుల కమిటీకి రాసి పంపాడు. నాలుగు పేజీలు, చేత్తో గీసిన బొమ్మ.

కమిటీ ఏమంది? ఫొటో లేదు, రెండో సాక్షి లేరు, చెల్లదు. అంతటితో ఊరుకున్నారా? "ఏం విల్ఫ్, ఇవాళ నిప్పుకోడి ఎగురుకుంటూ వచ్చిందా?" అని పబ్బులో నవ్వారు. ఆయన పబ్బుకు రావడం మానేశాడు. పొదల దగ్గరికి మాత్రం రోజూ వచ్చాడు. సోమవారం అక్కడే గుండె ఆగింది. జేబులో పిట్టల నోటుబుక్కు దొరికింది. ముప్పై ఏడేళ్ళు రోజూ రాసిన మనిషి, ఈ ఏడాది ఒక్క గీత గీయలేదు.

రెండో సాక్షి లేరా? ఉన్నారు. నేను.

ఆ పొద్దున పన్నునొప్పని చెప్పి, డ్యూటీ ఎగ్గొట్టి, ఆ పొదల్లో ఉన్నాను. పదడుగుల దూరంలో ఆ ఎర్రటి గొంతు చూశాను. అప్పటికే నా మీద రెండు వార్నింగులున్నాయి. "నీ పేరు రాస్తే నీ పని పోతుంది. వాళ్ళు నమ్మినా నమ్మకపోయినా పిట్ట వచ్చింది కదే" అంటూ నా పేరు కొట్టేశాడు. నేను ఊరుకున్నాను. ఆయన్ని చూసి నవ్వుతుంటే ఊరుకున్నాను. ఆయన పోయేదాకా ఊరుకున్నాను. ఈ కోపంలో సగం నా మీదే.

ఫోర్‌మన్ క్రెయిగ్ గారూ, విన్నారుగా. మీ ఇష్టం వచ్చింది చేసుకోండి.

కమిటీ కార్యదర్శి ఆల్డర్సన్ గారూ, ఇది నా సాక్ష్యం. ఈ కాగితం మీద రాసి సంతకం పెట్టాను. మీ నిరుటి పిట్టల నివేదిక ఇంకా అచ్చుకు పోలేదని తెలుసు. ఆ పిట్ట అందులో ఎక్కాలి. చూసినవారి చోట మొదటి పేరు విల్ఫ్ హెస్లప్ అని ఉండాలి.

ఇప్పుడు అందరూ లేవండి. మీరు కూడా, ఆల్డర్సన్ గారూ. పబ్బులో నవ్విన నోళ్ళు ఆయన కోసం ఒక్క నిమిషం మూసుకోండి. నిమిషం అయ్యాక వచ్చి ఈ కాగితం తీసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు జవాబు కావాలి. రాతపూర్వకంగా.