ఇరవై కిందికి దిగనివ్వకుండా

అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో కాలేజీ పరుగు జట్టు గది. చంక కర్రలతో వచ్చిన అమ్మాయి, జట్టు తరఫున తనకిచ్చిన వాచీని కోచ్ బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఏమ్మా, మూడేళ్లు వాడినట్టే లేదే! చార్జింగ్ ఇంకా వారం నిలుస్తోందా?"

"నిలుస్తోంది కోచ్. మీరు చెప్పినట్టే ఇరవై శాతం కిందికి దిగనివ్వలేదు, ఎనభై దాటనివ్వలేదు. చెమట తుడిచి, ఆరాకే చార్జింగ్ పెట్టా."

"ఎండలో వ్యాన్‌లో పడేసి పోయేవాళ్లకి నిన్ను చూపించాలి."

"రోజూ పొద్దున్నే నా ఒంట్లో సత్తువ నూటికెంతో కూడా ఇదే చెప్పేది. మీ ఫోన్‌కీ వచ్చేది కదా?"

"వచ్చేది."

"అక్టోబరులో ఒక వారమంతా ఆ అంకె పది దాటలేదు. ఒకరోజు నాలుగు."

"పోటీలు దగ్గరపడితే అందరికీ అంతేనమ్మా."

"వాచీని ఇరవై కిందికి రానివ్వొద్దన్నారు. నాలుగు మీదున్న నన్ను పద్నాలుగు మైళ్లు పరిగెత్తించారు. ఎముక నొప్పెడుతోందంటే, సాకులు చెప్పకన్నారు."

"డాక్టరేమంది? వసంతకాలం పోటీలకి దిగగలవా?"

"ఇక ఎప్పటికీ పోటీలకి పరిగెత్తొద్దంది."

"అయ్యో... సరే, దీన్ని సగం చార్జింగ్‌తో సొరుగులో పెడతా. పూర్తిగా అయిపోయి పడుంటే బ్యాటరీ చచ్చిపోతుంది."

"దాని మీంచి తల ఎత్తకుండా ఒక్కటి చెప్పండి కోచ్. నాకు విరిగింది ఏ కాలు?"

"...ఎడమది."

"కుడిది. ఎడమ చేతికి ఉండేది వాచీ."